పంపు పోయిందన్నారు

ట్రాక్టరున్న ఇంట్లో పెరిగినవాళ్ళకి "పంపు పోయింది" అన్న మాట వినగానే గుండె ఎందుకు జారుతుందో వేరే చెప్పనక్కరలేదు. టైరు పోతే టైరు మారుస్తారు. బ్యాటరీ పోతే పక్కవాళ్ళ బ్యాటరీ తెచ్చి సెల్ఫు కొడతారు. పంపు పోయిందంటే మాత్రం బండి చెట్టుకింద చేరుతుంది. పంపు గోనెసంచిలో మూటగట్టుకుని బస్సెక్కి పట్నం పోతుంది. అది తిరిగొచ్చేదాకా రైతు మొహంలో నవ్వుండదు. ఇక్కడ పంపు అంటే నీళ్ళు తోడే పంపు కాదండోయ్. ఇంజను పక్కన ఇమిడిపోయి, డీజిలుని కొలిచి, సరైన క్షణంలో సిలిండర్లలోకి కొట్టే ఇంజెక్షన్ పంపు. దాని గురించే ఈ వ్యాసం.

నేను మెకానికల్ ఇంజనీరింగు చదివి, చదివినదానికీ చేసేదానికీ పొంతన లేకుండా సాఫ్టువేరులో స్థిరపడ్డ అనేకమందిలో ఒకణ్ణి. ఉండేది వర్జీనియాలోని షాంటిలీలో. డల్లెస్ విమానాశ్రయాన్ని ఆనుకుని ఉన్న ఈ ప్రాంతమంతా ఒకప్పుడు పాడి రైతులది. 1958లో విమానాశ్రయానికి భూములు సేకరించారు, 1962లో విమానాలు దిగడం మొదలైంది, ఆ తరవాత పాకల స్థానంలో ఆఫీసులూ, పచ్చిక స్థానంలో మా ఇళ్ళూ వచ్చాయి. అయినా 50వ నంబరు రోడ్డు పట్టుకుని పడమరగా ఆల్డీ, మిడిల్‌బర్గ్ వైపు వెళితే ఇప్పటికీ గడ్డి మళ్ళు, గుర్రాలు, పాత ట్రాక్టర్లు కనిపిస్తాయి. ఆ దారిలోనే ఒక పెద్దాయన దగ్గర మేము నాలుగు తెలుగు కుటుంబాల వాళ్ళం అరెకరం అద్దెకి తీసుకుని గోంగూర, బెండ, దోస వేస్తుంటాం. దున్నిపెట్టేది ఆయనే, ఆయన పాత మాస్సీ ఫెర్గూసన్ 135తో.

పోయినేడు మే నెలలో ఆ ట్రాక్టరు మొరాయించింది. పొద్దున్నే బాగా స్టార్టవుతుంది. డిస్కు తగిలించి పావుగంటో అరగంటో దున్నగానే బలం తగ్గుతుంది, దగ్గుతుంది, ఆగిపోతుంది. ఓ అరగంట ఆగి సెల్ఫు కొడితే ఏమీ ఎరగనట్టు మళ్ళీ స్టార్టవుతుంది. దగ్గర్లోని మెకానిక్కు ఫోనులోనే విని, "ఇంజెక్షన్ పంపు అరిగిపోయింది, విప్పి బాగుచేయించాలి, వెయ్యి డాలర్లకి పైమాటే" అన్నాడట. పెద్దాయన ఆ సంగతి చెబుతుంటే నాకు ఒళ్ళు జలదరించింది. ఎందుకంటే ఇవే లక్షణాలు, ఇదే తీర్పు, 1994లో మా ఇంటి ముందు నిలబడి విన్నాను. అప్పుడు నాకు పద్నాలుగేళ్ళు. బండి మాది. ఆ కథ చివర్లో చెబుతాను. ముందు పంపు సంగతి.

చుక్కని కొలిచే యంత్రం

పెట్రోలు ఇంజనులో నిప్పురవ్వ వేసే ప్లగ్గు ఉంటుంది. డీజిలు ఇంజనులో ఉండదు. గాలిని బాగా నొక్కితే వేడెక్కుతుందని సైకిలు పంపు కొట్టినవాళ్ళందరికీ తెలుసు. డీజిలు ఇంజను గాలిని ఎంతగా నొక్కుతుందంటే, ఆ వేడికి డీజిలు దానంతటదే అంటుకుంటుంది. చిక్కేమిటంటే, అంతగా నొక్కుకుపోయి ఉన్న గాలిలోకి డీజిలుని తోయాలంటే ఇంకా ఎక్కువ ఒత్తిడి కావాలి. రుడాల్ఫ్ డీజిల్ 1897లో నడిపి చూపించిన ఇంజనులో ఈ పని చేయడానికి గాలిని కుదించే కంప్రెసరు ఒకటి వేరే ఉండేది. అంత బరువు మోసుకుని ఏ ట్రాక్టరు పొలంలో దిగుతుంది? జర్మనీలో బాష్ కంపెనీ 1927లో ఇంజెక్షన్ పంపుల్ని పెద్ద ఎత్తున తయారుచేయడం మొదలుపెట్టాకనే డీజిలు ఇంజను లారీల్లోకీ, ఆ తరవాత పొలాల్లోకీ వచ్చింది.

ఈ పంపు చేసే పని ఎంత సున్నితమో ఓ లెక్క వేసి చూద్దాం. ఆ 135కి మూడు సిలిండర్ల పెర్కిన్స్ ఇంజను ఉంది. నిమిషానికి రెండువేల చుట్లు తిరుగుతుంటే ఒక్కో సిలిండరుకి రెండు చుట్లకి ఒకసారి డీజిలు అందాలి. అంటే నిమిషానికి మూడువేల సార్లు, గంటకి లక్షా ఎనభైవేల సార్లు. గంటకి తొమ్మిది లీటర్లు తాగుతోందనుకుంటే ఒక్కోసారికి వచ్చేది 0.05 మిల్లీలీటరు. మందు సీసాలోంచి రాలే ఒక్క చుక్కంత. ఆ చుక్కని, సెకనులో ఐదారువందల వంతు కాలంలో, 170 వాతావరణాల పైచిలుకు ఒత్తిడితో, మూడు సిలిండర్లకీ సమానంగా పంచాలి. అందుకే లోపలి ముక్కల మధ్య సందు మైక్రాన్లలో ఉంటుంది. తల వెంట్రుక మందం డెబ్బై మైక్రాన్లు అనుకుంటే, ఇది అందులో చిన్న భిన్నం. నలక పడితే ఆ పంపు ఎందుకు తట్టుకోలేదో దీన్నిబట్టి అర్థం చేసుకోవచ్చు.

మన ఊళ్ళలో కనిపించే పాత పంపులు రెండు జాతులు. మొదటిది ఇన్‌లైను పంపు. సిలిండరుకో ప్లంజరు చొప్పున వరసగా నిలబడి ఉంటాయి. బెంగళూరులో 1951లో మొదలైన మోటార్ ఇండస్ట్రీస్ కంపెనీ, అంటే మైకో, బాష్ లైసెన్సుతో వీటిని తయారుచేయడం వల్ల మన మేస్త్రీలకి ఇది "మైకో పంపు" అయిపోయింది. 2008లో ఆ కంపెనీ పేరు బాష్‌గా మారినా మేస్త్రీల నోట్లో మారలేదు. రెండోది రోటరీ పంపు. అమెరికాలో వెర్నన్ రూసా అనే ఆయన, సిలిండరుకో ప్లంజరు ఎందుకు, ఒకే జత ప్లంజర్లు తిరుగుతూ అందరికీ వంతులవారీగా వడ్డిస్తే సరిపోదా అని ఆలోచించాడు. 1952లో ఆ పంపు అమ్మకానికి వచ్చింది. ఇంగ్లండులో సీఏవీ కంపెనీ ఆ దారిలోనే డీపీఏ అనే పంపు చేసింది. బంతిభోజనంలో ఒక్కడే గరిటె పట్టుకుని విస్తరి విస్తరికీ తిరిగినట్టన్నమాట.

డీపీఏ పంపుకి ఒక ముఖ్యమైన లక్షణం ఉంది. దానికి వేరే ఆయిలు ఉండదు. లోపల ప్రవహించే డీజిలే దానికి కందెన. డీజిలు అందకపోతే ఇంజను ఒక్కటే ఆకలితో ఉండదు, పంపు కూడా పొడిబారుతుంది. డీజిలులో నీళ్ళు కలిస్తే తుప్పు పడుతుంది. కాబట్టి పంపు ముందున్న దారిని బాగుచేసుకోవడమే పంపుని కాపాడుకోవడం.

పొగ చెప్పే కబుర్లు

పానా చేతపట్టే ముందు చేయవలసిన పని పొగగొట్టం వైపు చూడడం. సెల్ఫు కొడుతున్నా అసలు పొగే రాకపోతే డీజిలు సిలిండర్లకి చేరడం లేదు. తెల్లపొగ వస్తుంటే చేరుతోంది గాని అంటుకోవడం లేదు. చలి కావచ్చు, కంప్రెషన్ తగ్గి ఉండవచ్చు, టైమింగు తప్పి ఉండవచ్చు. నల్లపొగ అయితే డీజిలు ఎక్కువైంది లేదా గాలి తక్కువైంది. అప్పుడు మొదట చూడవలసింది గాలి ఫిల్టరు. నీలిపొగ అయితే ఇంజనాయిలు కాలుతోంది, దానికీ పంపుకీ సంబంధం లేదు.

పెద్దాయన బండి ఆగిపోయే ముందు నల్లపొగ లేదు, తెల్లపొగ లేదు. పొగ పలచబడి, మాయమై, ఆ తరవాత ఇంజను ఆగింది. అంటే కడుపుకి తిండి అందడం లేదు. అందనిది పంపు వల్లా, పంపు దాకా రాకపోవడం వల్లా అన్నది తేలాలి. ఈ రెంటికీ పైకి కనిపించే లక్షణం ఒకటే కావడమే మెకానిక్కుల తీర్పులు తప్పడానికి మూలం. దారిలో ఎక్కడ అడ్డుపడినా, లోటు బయటపడేది పంపు దగ్గరే.

మా వృత్తిలో దీనికి అలవాటైన మందు ఒకటుంది. పెద్ద ప్రోగ్రాములో తప్పు ఎక్కడుందో తెలియకపోతే మధ్యకి వెళ్ళి చూస్తాం. అక్కడిదాకా లెక్క సరిగ్గా ఉంటే తప్పు రెండో సగంలో ఉంది, లేకపోతే మొదటి సగంలో ఉంది. ట్రాక్టరుకీ ఇదే పనికొస్తుంది. పైగా ఇక్కడ ఖర్చు లేని పనులన్నీ ట్యాంకు వైపున్నాయి, ఖర్చైనవి పంపు వైపున్నాయి. కాబట్టి ట్యాంకు దగ్గర మొదలుపెట్టడమే న్యాయం.

ట్యాంకు దగ్గర మొదలుపెట్టి

డీజిలు ప్రయాణం ఇదీ: ట్యాంకు, కుళాయి, గొట్టం, లిఫ్టు పంపు, ఫిల్టర్లు, ఇంజెక్షన్ పంపు, సన్నటి ఉక్కు గొట్టాలు, ఇంజెక్టర్లు. మన వైపు లిఫ్టు పంపుని ఫీడు పంపు అంటారు.

అన్నిటికన్నా ముందు, ఇంజను ఆపే మీట పూర్తిగా లోపలికి పోయిందో లేదో చూడాలి. నవ్వకండి. తీగ బిగుసుకుని ఆ మీట సగంలో ఆగిపోవడం వల్ల కూడా స్టార్టు కాని బండ్లున్నాయి. తరవాత కుళాయి పూర్తిగా తెరిచి ఉందా, గాజు గిన్నెలో నీళ్ళుగాని మడ్డిగాని చేరాయా చూడాలి. నీళ్ళు డీజిలు కన్నా బరువు కాబట్టి అడుగున వేరే పొరగా తెలిసిపోతాయి.

తరవాత లిఫ్టు పంపు. దాని నుంచి ఫిల్టరుకి వెళ్ళే గొట్టం ఊడదీసి, పక్కనుండే చిన్న చేతిమీటని కొడితే డీజిలు బలంగా ఎగజిమ్మాలి. మీట చేతికి వదులుగా, పనిచేయనట్టు ఆడితే కంగారుపడి పంపు మార్చేయకండి. లోపలి క్యాము ఎత్తులో ఆగి ఉంటుంది. ఇంజనుని ఒక చుట్టు తిప్పి మళ్ళీ కొట్టి చూడాలి. ఇదే సమయంలో ఇంజనాయిలు కొలబద్ద కూడా తీసి చూడండి. ఆయిలు పెరిగి, పలచబడి, డీజిలు వాసన వేస్తుంటే లిఫ్టు పంపు పొర చిరిగిందో, ఇంజెక్షన్ పంపు షాఫ్టు సీలు కారుతోందో అనుకోవాలి. అలాంటి ఆయిలుతో బండి నడిపితే బేరింగులు పోతాయి. అక్కడితో ఆపేయాలి.

ఆ తరవాత ఫిల్టరు. ఎప్పుడు మార్చారో గుర్తులేదంటే మార్చవలసిందేనని అర్థం. ఇక్కడో రహస్యం ఉంది. డీపీఏ పంపు వెనక మూతలో, డీజిలు లోపలికి వచ్చే నట్టు కింద, చిన్న జల్లెడ ఒకటి దాగి ఉంటుంది. పెద్ద ఫిల్టర్లు మార్చి, అది మరిచిపోయి, పంపు విప్పించుకున్నవాళ్ళు ఉన్నారు.

ఫిల్టరు మార్చాక గాలి తీయాలి. "ఎయిర్ పట్టింది" అని మన మేస్త్రీలు అనేది దీన్నే. డీజిలుని నొక్కితే కుదించుకోదు, గాలి కుదించుకుంటుంది. ప్లంజరు ఎంత నొక్కినా మధ్యలో బుడగ ఉంటే ఒత్తిడంతా ఆ బుడగే మింగేస్తుంది, ఇంజెక్టరు తెరుచుకోదు. కాబట్టి చేతిమీట కొడుతూ మొదట ఫిల్టరు మీది మర, తరవాత పంపు ఒంటి మీది కింది మర, ఆ తరవాత పైమర, ఈ వరసలో వదులు చేసి బుడగలు లేని డీజిలు వచ్చాక బిగించాలి. చివరికి ఇంజెక్టర్ల దగ్గర నట్లు ఒక చుట్టు వదులు చేసి సెల్ఫు కొడితే డీజిలు చిమ్ముతుంది. అప్పుడు బిగించాలి.

ఒక హెచ్చరిక. ఆ గొట్టాల్లోంచి వచ్చే సన్నటి ధార చర్మంలోంచి దూసుకుపోగలదు. పైకి దోమకాటంత కనిపించినా లోపల కండ కుళ్ళుతుంది. కారుతోందేమోనని చేత్తో తడమకండి, అట్టముక్క అడ్డుపెట్టి చూడండి. ఒకవేళ తగిలితే నొప్పి లేదని ఊరుకోకుండా వెంటనే ఆస్పత్రికి వెళ్ళాలి. అలాగే స్టార్టు కావడం లేదని గాలిగొట్టంలో ఈథరు కొట్టే అలవాటు కూడా మంచిది కాదు. ఈ పెర్కిన్స్ ఇంజన్లలో చలికాలానికి గాలిగొట్టంలోనే మంటపెట్టే చిన్న హీటరు ఉంటుంది. ఈథరూ ఆ మంటా కలిస్తే ఏమవుతుందో ఊహించుకోండి.

గాలి తీసినప్పుడు బాగుండి, కాసేపటికి మళ్ళీ పడుతుంటే ఎక్కడో లోపలికి పీల్చుకుంటోంది. లిఫ్టు పంపుకి ముందున్న గొట్టంలో ఉండేది గుంజుడు, తోపుడు కాదు. కాబట్టి అక్కడ జాయింటు వదులైతే డీజిలు బయటికి కారకుండానే గాలి లోపలికి వస్తుంది. కళ్ళతో చూడాలంటే ఇంజెక్షన్ పంపుకి ముందు తాత్కాలికంగా అవతలివైపు కనిపించే ప్లాస్టిక్ గొట్టం పెడితే చాలు, బుడగలు వరస కట్టి కనిపిస్తాయి.

పంపు నిజంగా పోయినప్పుడు

పంపులు ఎప్పుడూ పోవని కాదు. వాటికీ అరుగుదల ఉంది. డీపీఏ పంపు లోపలి రోటరు అరిగితే దాని గుర్తు స్పష్టంగా ఉంటుంది. చల్లగా ఉన్నప్పుడు స్టార్టవుతుంది, బాగా వేడెక్కాక ఆపితే మాత్రం మళ్ళీ స్టార్టు కాదు. వేడికి డీజిలు పలచబడి అరిగిన సందుల్లోంచి జారిపోతుంది. సెల్ఫు తిప్పే నెమ్మది వేగానికి ఒత్తిడి చాలదు. దీనికి పాతకాలపు పరీక్ష ఒకటుంది. ఇంజను ఆగి ఉన్నప్పుడు పంపు తల మీద తడిగుడ్డ కప్పి చల్లార్చి, ఇంజను ఇంకా వేడిగా ఉండగానే సెల్ఫు కొట్టాలి. అప్పుడు స్టార్టయితే పంపు అరిగిందని దాదాపు ఖాయం. నడుస్తున్న ఇంజను మీద ఇలా చేయకండి, ముక్కలు బిగుసుకుపోవచ్చు.

చాలాకాలం నిలిపి ఉంచిన బండిలో డీజిలుని కొలిచే చిన్న వాల్వు జిగటపట్టి ఇరుక్కుంటుంది. రేసు ఇచ్చినా పెరగదు, లేదా పెరిగి తగ్గదు. సీళ్ళు ఎండి కారడం మరొకటి. అమెరికాలో రోడ్డు బండ్ల డీజిలులో గంధకాన్ని 2006 నుంచి 15 పీపీఎంకి దించారు, పొలం యంత్రాల డీజిలుకి 2010లో అదే హద్దు వచ్చింది. మన దేశంలో 2020 ఏప్రిల్ నుంచి 10 పీపీఎం. ఊపిరితిత్తులకి ఇది మేలే. కాని గంధకం తీసే శుద్ధిలో డీజిలుకి సహజంగా ఉండే జిడ్డు కూడా పోతుంది, దాన్ని మందులు కలిపి సరిచేస్తారు. పాత కాలపు రబ్బరు సీళ్ళలో కొన్ని ఈ మార్పుకి ముడుచుకుని కారాయి.

ఇలాంటి రోగాలకి పంపు విప్పవలసిందే, విప్పేది మాత్రం మనం కాదు. టెస్టు బెంచి ఉన్న షాపులో, ఎన్ని చుట్లకి ఎంత డీజిలు ఇస్తోందో కొలిచి సరిచేయాలి. మనం చేయగలిగింది, ఊడదీసే ముందు పంపు అంచు మీదా ఇంజను మీదా ఉన్న టైమింగు గీతలు చూసి, అరిగిపోయి ఉంటే కొత్తగా గీసుకోవడం. సీసం ముద్ర వేసిన మరల జోలికి పోకూడదు.

మూత

ఇక పెద్దాయన బండి దగ్గరికి వద్దాం. ఆ వేసవిలో మా నాన్న ఇక్కడే ఉన్నారు. షాంటిలీలో నడిచి వెళ్ళగలిగే చోటంటూ లేక, వారమంతా కిటికీలోంచి విమానాలు లెక్కపెట్టుకునే మనిషి, శనివారం పొలానికి పోదామంటే పొద్దున్నే చొక్కా తొడుక్కుని కూర్చున్నారు. ట్రాక్టరు చూడగానే ఆగిపోయారు. "ఒరేయ్, ఇది మన బండే కదరా!"

నిజమే. మాది టాఫే వారి మాస్సీ ఫెర్గూసన్ 1035. మాస్సీ కంపెనీ సహకారంతో 1960లో మద్రాసులో టాఫే మొదలైంది. ఇంగ్లండులో పెర్కిన్స్ కంపెనీని మాస్సీ ఫెర్గూసన్ 1959లో కొనేసింది. ఆ పెర్కిన్స్ ఇంజన్లని లైసెన్సు మీద మద్రాసులోనే సింప్సన్ కంపెనీ తయారుచేసింది. అలా ఒకే వంశం మూడు సిలిండర్ల ఇంజను తెనాలి దగ్గర మా ఊళ్ళో దమ్ము చేసింది, ఇక్కడ వర్జీనియాలో గడ్డి కోసింది. నాన్న బానెట్టు మీద చెయ్యి వేసి, అడగకుండానే పంపు ఎక్కడుందో, గాలి తీసే మర ఎక్కడుందో పెద్దాయనకి వేలితో చూపించారు. ఇద్దరికీ మధ్య భాష అవసరం పడలేదు.

ఫిల్టర్లు కొత్తవి వేశాం. చిన్న జల్లెడ శుభ్రంగానే ఉంది. గాలి తీశాం. అరగంటలోనే మళ్ళీ ఆగింది. తడిగుడ్డ పరీక్ష అవసరం లేదనిపించింది, ఎందుకంటే ఇంజను వేడిగా ఉండగానే, కాసేపు ఆగితే స్టార్టవుతోంది. పైగా అరిగిన పంపు స్టార్టు కావడానికి ఏడుస్తుంది గాని, నడుస్తూ నడుస్తూ ఆగిపోవడం దాని మొదటి లక్షణం కాదు. అప్పుడు సగానికి కోసే పద్ధతి పట్టాను. ఒక డబ్బాలో డీజిలు పోసి, ఇంజను కన్నా ఎత్తులో కట్టి, దాని గొట్టాన్ని నేరుగా లిఫ్టు పంపుకి తగిలించాం. డబ్బా మూత తీసే ఉంది. రెండు గంటలు దున్నాడు పెద్దాయన. ఒక్కసారి కూడా దగ్గలేదు. అంటే లిఫ్టు పంపు, ఫిల్టర్లు, ఇంజెక్షన్ పంపు, ఇంజెక్టర్లు, అన్నీ నిర్దోషులు. దోషి ట్యాంకు, కుళాయి, గొట్టం, ఈ మూడింటిలో ఉంది.

మళ్ళీ ట్యాంకు గొట్టమే తగిలించి, ట్యాంకు నిండా పోసి నడిపాం. పావుగంటకే ఆగింది. ఈసారి ఇంకేమీ ముట్టుకోకుండా ట్యాంకు మూత ఒక్కటే తిప్పాను. "ఫుస్స్" మంటూ గాలి లోపలికి దూసుకుపోయింది. సెల్ఫు కొడితే స్టార్టయింది.

పెద్దాయన అసలు మూత చలికాలంలో ఎక్కడో పారేసుకుని, దుకాణంలో సరిపోయిన మూత ఒకటి కొని బిగించాడు. పాత మూతకి గాలి పీల్చే సన్నటి చిల్లు ఉండేది, కొత్తదానికి లేదు. డీజిలు బయటికి పోయినకొద్దీ ఆ ఖాళీలోకి గాలి రావాలి. రాకపోతే ట్యాంకులో శూన్యం పెరుగుతుంది. లిఫ్టు పంపు ఒకవైపు గుంజుతుంది, ట్యాంకు ఇంకోవైపు గుంజుతుంది, మధ్యలో ఏ జాయింటు వదులైతే అక్కడ గాలి చొరబడుతుంది. అరగంట ఆగితే మూత అంచుల్లోంచి మెల్లగా గాలి చేరి శూన్యం తీరుతుంది. అంతే రోగం. మందు ఖరీదు ఒక చిల్లున్న మూత.

పెద్దాయన నవ్వాడు. నేనూ నవ్వాను. నాన్న నవ్వలేదు.

కారులో 50వ నంబరు రోడ్డు మీద వస్తుండగా ఆల్డీ దాటాక అన్నారు: "నిండా పోసిన రోజే ఎక్కువసార్లు ఆగేదిరా మన బండి."

నాకు వెంటనే అర్థమైంది. మా బండి ట్యాంకు మూత కూడా పోయింది. దుమ్మూ వాన నీళ్ళూ పడకూడదని, పంపుకి నలక పోకూడదని, నాన్న దాని మూతికి మందపాటి పాలిథీను రెండు పొరలు వేసి, సైకిలు ట్యూబు ముక్కతో చుట్టి చుట్టి బిగించేవారు. ఊళ్ళో అంత జాగ్రత్తపరుడైన రైతు ఇంకొకరు లేరు. 1994 సార్వాకి ముందు బండి ఆగడం మొదలైంది. మెకానిక్కు పంపు పోయిందన్నాడు. పంపు పట్నం వెళ్ళి వచ్చింది. వారం తిరక్కుండా మళ్ళీ అదే రోగం. రెండోసారి పంపు బాగుచేయించడానికి అమ్మ గొలుసు బ్యాంకులోకి వెళ్ళింది. మూడోసారి ఆగినప్పుడు దమ్ము సగంలో ఉంది. తరవాతి ఏడు బండిని వచ్చినకాడికి అమ్మేశారు. ఆ తరవాత మేం మళ్ళీ ట్రాక్టరు కొనలేదు.

నిండా పోసిన రోజే ఎందుకు ఎక్కువ ఆగుతుంది? లెక్క చిన్నదే. ట్యాంకు నిండా ఉంటే పైన గాలి ఉండేది ఓ రెండు లీటర్లు అనుకుందాం. ఒక్క లీటరు డీజిలు ఖర్చవగానే ఆ రెండు లీటర్ల గాలి మూడు లీటర్ల చోటుకి వ్యాపించాలి. ఒత్తిడి మూడో వంతు పడిపోతుంది. అదే సగం ట్యాంకు ఉంటే పైన ఇరవై లీటర్ల గాలి ఉంటుంది, ఒక లీటరు ఖర్చయితే ఒత్తిడి తగ్గేది ఇరవై ఒకటో వంతే. కాబట్టి నిండా ఉన్న ట్యాంకు ముందు ఉక్కిరిబిక్కిరవుతుంది. అరిగిన పంపుకి ట్యాంకులో డీజిలు ఎంతుందో తెలియదు. ట్యాంకు నిండితే ఎక్కువయ్యే రోగం ట్యాంకుదే అయి ఉండాలి. ఆ ఆధారం ముప్ఫయ్యేళ్ళుగా నాన్న దగ్గరే ఉంది. ఎవరూ అడగలేదు.

"ఆ పాలిథీను లోపలికి గుంటపడి ఉండేది. వానకి సాగిందనుకున్నా," అన్నారు మళ్ళీ. కాసేపాగి, "అయితే నేనే దాని గొంతు నులిమానన్నమాట."

మేం ఆ బండిని పరీక్షించలేదు, ఇప్పుడది ఎక్కడుందో కూడా తెలియదు, ఇంకేదైనా కారణం కూడా ఉండి ఉండవచ్చు, రుజువు లేకుండా తీర్పు చెప్పకూడదు అని ఇంజనీరులా ఏదో చెప్పబోయాను. "నీ రుజువులు నీ దగ్గరుంచుకో," అన్నారు. కోపంగా కాదు. ఇంటికొచ్చాక ఊళ్ళో ఉన్న అమ్మకి ఫోను చేసి చాలాసేపు మాట్లాడారు. గది తలుపు వేసి ఉంది. ఏం చెప్పారో నేనడగలేదు.

మూడు వారాల తరవాత ఆర్డరు చేసిన కొత్త మూత మా ఇంటికే వచ్చింది. శనివారం పొలానికి పట్టుకెళదామని బల్ల మీద పెట్టాను. నాన్న దాన్ని తీసుకుని, కళ్ళజోడు సవరించుకుని అటూ ఇటూ తిప్పి చూశారు. తరవాత నోటికి ఆనించి బలంగా ఊదారు. సన్నగా ఈలలాగా గాలి అవతలికి పోయింది.

"ఆఁ, ఇప్పుడు ఇచ్చిరా," అన్నారు.